ఆసుపత్రిలో అడిగిన మొదటి ప్రశ్న

మా నాయనకు ఎడమ మోకాలి కింద ఉన్నది పెట్టుడు కాలు. సరిహద్దులో మందుపాతర మీద అడుగు పడి సొంత కాలు పోతే, మిలటరీ వాళ్లిచ్చినది తగిలించుకుని జమ్మలమడుగుకు తిరిగొచ్చాడు. అది అరిగితే మార్చుకోవడానికి పూనా దాకా పోవాలి. అర్జీ పెడితే జవాబు వచ్చేసరికి ఏడాది తిరిగేది. అందాకా తెగిన పట్టీకి గోనెపట్టా చుట్టుకుని నడిచేవాడు. మోకాలి కింద పుండు పడేది. నాకు ఒళ్లు మండేది. ఆయన మాత్రం "ఇస్తార్లేమ్మా, మర్సిపోరు" అనేవాడు.

మా వీధి చివర ఒకడు ఫ్యాక్షన్ నాయకుడి కోసం బాంబులు చుడుతూ చెయ్యి పోగొట్టుకున్నాడు. వాణ్ణి ఆ రోజే జీపులో బెంగళూరుకు తీసుకుపోయి పెద్ద వైద్యం చేయించారు. అప్పట్లో పులివెందులలోనైనా మా దగ్గరైనా పద్ధతి అదే. ఎవరి మనిషికి దెబ్బ తగిలితే ఆ నాయకుడే చూసుకోవాలి. చూసుకోకపోతే మరుసటి వారం ఆయన వెనక నడిచేవాడుండడు. దేశం కోసం కాలు పోగొట్టుకున్నవాడు అర్జీలు రాసుకోవాలి. ఎవరి మనిషీ కానివాడి సంగతి ఏ పద్ధతిలోనూ లేదు.

ఎన్నికలు దగ్గర పడిన రోజుల్లో ఒక మధ్యాహ్నం, ఎవరి మీదో వేసిన బాంబు బస్సు దిగుతున్న మా అన్న కాలికి తగిలింది. అన్న లారీ మెకానిక్కు, ఏ జెండా పట్టినవాడు కాదు. ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోయాం. సాయంత్రంలోగా ఆపరేషన్ చేస్తే కాలు దక్కుతుంది, లేకపోతే తీసేయాలి అన్నాడు డాక్టరు. ముందు డబ్బు కట్టమంటే, నాయన తన మిలటరీ పుస్తకం తీసి చూపించాడు.

"ఇది నీకప్పా, నీ కొడుక్కు గాదు" అన్నాడు కౌంటరులో ఉన్నాయన.

అదే గొడవలో గాయపడిన తన వాళ్ల కోసం నాయకుడి అనుచరుడొకడు వరండాలో తిరుగుతున్నాడు. అతను వేలు చూపించిన వాళ్లందరినీ లోపలికి తీసుకుపోతున్నారు. మా దగ్గరికొచ్చి నాయనను అడిగాడు.

"ఈయప్ప ఎవురి మనిషి పెద్దాయనా?"

నాయన తల వంచుకుని కాలి పట్టీ సర్దుకుంటున్నాడు. నేను ఆగలేకపోయాను.

"మీ మనిషే మామా. మీ మీటింగులకే వస్తాంటాడు."

"మావోడేనా? ముందే జెప్పరేందమ్మా!"

పావుగంటలో అన్నను లోపలికి తీసుకుపోయారు.

పక్క బెంచీ మీద ఒక ముసలామె పొట్ట పట్టుకుని ఉంది. అదే బాంబులోని మేకులు తగిలాయి. ఆమెనూ అడిగాడు. "నేనెవురి మనిషినీ గాదు సామీ, సల్ల అమ్ముకుంటాండా" అంది. ఆమెను రిక్షా ఎక్కించి సర్కారు ఆసుపత్రికి పంపేశారు. తర్వాత ఏమైందో నేను కనుక్కోలేదు. కనుక్కోవడానికి భయపడ్డాను.

అన్న కాలు దక్కింది, కుంటు కూడా లేకుండా. తర్వాతి ఎన్నికలప్పుడు మా ఇంటి ముందు జీపు ఆగింది. నాయన వాకిట్లో అడ్డం నిలబడ్డాడు. అదే అనుచరుడు మర్యాదగానే మాట్లాడాడు.

"ఆ కాలు మేం నిలబెట్టిందే గదా పెద్దాయనా. నాలుగడుగులు మాతో నడిస్తే ఏంబోతాది?"

అన్న జీపెక్కాడు. పోలింగు బూతు దగ్గర గొడవలో ఒక మనిషి చచ్చిపోయాడు. అన్న కొట్టాడో లేదో మాకు ఇప్పటికీ తెలియదు. కేసులో పేరు ఎక్కింది, శిక్ష పడింది, కడప జైలుకు పోయాడు.

మొదటిసారి జైల్లో చూసి తిరిగొస్తూ బస్సులో నేను ఏడుపు ఆపుకోలేకపోయాను. "నేనే వాణ్ణి వాళ్లకు రాసిచ్చినా నాయనా" అన్నాను.

మైదుకూరు దాటాక ఆయన వంగి కాలి పట్టీ సర్దుకున్నాడు.

"ఆ పొద్దు ఆసుపత్రిలో ఆయప్ప అడిగింది నన్ను. నేను నోరు మూసుకుంటే నువ్వు జెప్తావని నాకు తెల్సు. అందుకే మూసుకున్నా" అన్నాడు.