బావ గొంతున్న క్యాసెట్

దయ్యాలంటే నాకు నవ్వు. మా రాయచోటిలో ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే మధ్యలోనే లేచిపోయేవాణ్ణి. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

2004లో నేను సౌదీలో, కువైట్ సరిహద్దున ఉన్న ఖఫ్జీలో, పంపులు రిపేరు చేసే పనిలో ఉన్నాను. మా అక్క మంగమ్మ భర్త అంతకు పద్నాలుగేళ్ల ముందు కువైట్‌లో డ్రైవరు. ఇరాక్ సైన్యం వచ్చాక ఆయన జాడ తెలియలేదు. శవం లేదు, కాగితం లేదు. అక్క బొట్టు తీయలేదు, కర్మ చేయనివ్వలేదు.

ఆ రోజుల్లో గల్ఫ్‌కు పోయినవాళ్లు ఉత్తరం రాయడానికి బదులు క్యాసెట్లో మాట్లాడి, సెలవు మీద వచ్చేవాళ్ల చేత పంపేవారు. బావ పంపిన చివరి క్యాసెట్‌ను, నేను సౌదీకి బయలుదేరే రోజున, అక్క నా చేతిలో పెట్టింది.

"కువైట్‌లో పనిచేసినోళ్లు ఆడ ఉంటారు గదా. ఈ గొంతు వినిపీరా. ఎవరన్నా గుర్తుపడతారేమో" అంది.

రెండేళ్లు నేను ఎవరికీ వినిపించలేదు. పని, అలసట అని సాకులు చెప్పుకున్నాను. నిజానికి అది పిచ్చి ఆశ అనుకుని పెట్టెలో పడేశాను.

ఆ జులైలో నా రూమ్మేట్, కడప ఖాదర్ సెలవుకు వెళ్తున్నాడు. అక్కకు ఫోన్ కంటే క్యాసెట్టే ఇష్టం, మళ్లీ మళ్లీ వినొచ్చని. శుక్రవారం పొద్దుగూకే వేళ ఇద్దరం ఊరి చివర దిబ్బ మీదికి వెళ్లాం. అప్పట్లో ఇరాక్ సైన్యంతో ఇక్కడ జరిగిన యుద్ధంలో పోయిన సైనికుల గుర్తుగా అక్కడ ఒక రాతి పలక ఉంది. కింద సముద్రం, ఉత్తరాన కువైట్ తీరం. చూడటానికి చాలా బాగుంటుంది.

ఖాదర్ మగ్రిబ్ నమాజుకు మసీదుకు పోయాడు. నేనొక్కణ్ణే పలక పక్కన కూర్చుని, పెట్టెలోంచి చేతికందింది తెచ్చిన క్యాసెట్‌ను టేప్‌రికార్డర్‌లో వేసి మాట్లాడాను. చెమటకు చొక్కా వీపుకు అతుక్కుపోయింది. చుట్టుపక్కల ఎవరూ లేరు.

ఖాదర్ వెళ్లిన పది రోజులకు అక్క ఫోన్ చేసింది. పెట్టెలోంచి నేను తీసిన క్యాసెట్ ఏదో అప్పుడు తెలిసింది. దాని మీద పేరు లేదు. చెరిగిపోకుండా వెనకున్న ప్లాస్టిక్ ముక్క విరగ్గొట్టాలని నాకు తెలుసు, విరగ్గొట్టలేదు. అక్కకు మిగిలిన ఒక్క గొంతును నా చేతులారా తుడిచేశాను.

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"నీ మాటలైపోయినాక మీ బావ మాట్లాడినాడురా. 'మంగా, ఈడ చలి శానా ఉండాది. ఇంక నాకోసరం చూడొద్దు' అన్న్యాడు."

పాత మాటల్లో చెరగని ముక్క అయి ఉంటుందని సర్దిచెప్పబోయాను. కానీ బావ ఆ క్యాసెట్ పంపింది మే నెలలో. అందులో అంతా ఎండ గోల, ఏసీ లేని వ్యాను, అక్క పంపిన ఆవకాయ కారం గురించే. నాకిచ్చేదాకా పన్నెండేళ్లు విన్న అక్కకు ఆయన దగ్గు కూడా కంఠతా వచ్చు. చలి మాట అందులో లేదు.

మరుసటి ఏడు సెలవుకు వెళ్లి నేనూ విన్నాను. నా మాటలు, కాసేపు అలలు, తర్వాత బావ గొంతు. చిన్నప్పుడు నన్ను సైకిలు మీద బడిలో దించిన మనిషి గొంతును నేను పొరబడను. అప్పటికే అక్క నుదుట బొట్టు లేదు.

ఖఫ్జీలో యుద్ధం జరిగింది, బావ జాడ పోయిన మరుసటి జనవరి చలిలోనని తర్వాత తెలిసింది. బావ కువైట్ నుంచి అంతదాకా నడిచి వచ్చాడో లేదో చెప్పేవాళ్లు లేరు. ఉన్నారేమో, అడగాల్సినప్పుడు నేను అడగలేదు.

తిరిగి బయలుదేరేటప్పుడు అక్క నా పెట్టెలో ఒక రగ్గు సర్దింది. ఎవరికని నేను అడగలేదు. ఆ వేసవిలో, మండిపోతున్న ఆ రాతి పలక పక్కన దాన్ని పరిచి వచ్చాను.