మేడం చేతుల మీది మచ్చలు

ఒక్క మాట ఇన్నేళ్ళుగా నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. విని పాపం అనకండి. జాలి చూపిస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

నేను సినిమాల్లో మేకప్ వేస్తాను. ఉండేది యూసుఫ్‌గూడ. శ్రీనగర్ కాలనీలో ఉండే ఒక పెద్ద నటికి చాలాకాలం నేనే మేకప్. తల్లి వేషాల్లో చూసి మీరంతా కళ్ళు తుడుచుకున్న ఆవిడే. మేడంకు నేనంటే చులకన. నాకు ఆవిడ గొంతు వింటేనే కంపరం. కరోనా రోజుల్లో బంధువుల పెళ్ళికి వెళ్ళి జబ్బు తెచ్చుకుంది. అంటించింది మాత్రం నేనేనని, ఆ బస్తీ ఇళ్ళలో శుభ్రత ఎక్కడేడుస్తుందని ఫిల్మ్‌నగర్ అంతా చాటింది. నాకు దగ్గు కూడా రాలేదు. అయినా ఎవరూ పనికి పిలవలేదు. కనబడితే ముక్కు మూసుకుని పక్కకు తప్పుకునేవాళ్ళు.

ఆవిడ బతికి బయటపడింది. ఆ జబ్బులో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు అడ్డుపడవచ్చని ఆసుపత్రిలో పొట్టకు సూదులు పొడిచారట. ఇంటికి పంపేటప్పుడు రక్తం పలచబడే మాత్రలు కొన్ని వారాలకు రాసిచ్చారు. కాస్త కోలుకోగానే షూటింగుకు వచ్చేసింది. మళ్ళీ నన్నే పిలిచింది. ఎందుకో తెలుసా? వేరేవాళ్ళయితే మాత్రల సంగతి బయటపెడతారని, వేషం పోతుందని. నాకు నోరు లేదని ఆవిడ ధీమా.

ఆ ఉదయం క్యారవాన్‌లో కొంగు పక్కకు తీసి చేతులు చూపించింది. మోచేతుల దాకా నీలం మచ్చలు. ఎక్కడా తగల్లేదట. పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందట.

"ఏయ్, మీ అమ్మ గుండెకి ఇలాంటి మాత్రలే వాడేదన్నావుగా? ఆవిడకీ ఇలాగే వచ్చాయా?"

"వచ్చినయ్ మేడం."

"డాక్టర్‌కి ఫోన్ చేయమంటావా? చేస్తే పని మానేసి రమ్మంటాడేమో."

"ఫికర్ చెయ్యకుండ్రి మేడం. మామూలే. అవే పోతయ్."

అమ్మకు వాటంతట అవి పోలేదు. ఆటోలో ఆసుపత్రికి పరుగెత్తాం. అక్కడి డాక్టరు మాత్రలు ఆపించి, ఇంకాస్త ఆలస్యమైతే తలలో రక్తస్రావమయ్యేదని నన్ను చెడామడా తిట్టాడు. మేడం అడిగినప్పుడు అదంతా నాకు గుర్తుంది. గుర్తుండే మామూలేనన్నాను. స్పాంజి తడిపి మచ్చల మీద రంగు అద్దాను. ఒక్కటి కూడా కెమెరాకు దొరకలేదు. పనితనానికి మురిసిపోయాను కూడా.

ఆవిడ చావాలనుకున్నానా? లేదు. మరి ఏమనుకున్నాను? కాస్త అనుభవించనీ అనుకున్నాను. ఆ కాస్త ఎంతో ఎవరు కొలుస్తారు?

మధ్యాహ్నం తల పగిలిపోతోందని కూర్చుండిపోయింది. వాంతి చేసుకుని పక్కకు ఒరిగింది. మెదడులో రక్తస్రావం. ప్రాణం దక్కింది గానీ మాట పోయింది. ఎంత పొడుగు డైలాగైనా ఒక్క టేకులో చెప్పే మనిషి ఇప్పుడు మంచినీళ్ళు కూడా అడగలేదు.

మేడం కూతురు డాక్టరును దుమ్మెత్తిపోసింది. మాత్రలిచ్చి చంపబోయాడంది. మచ్చలు కనబడితే వెంటనే ఫోన్ చేయమని ఆయన చెప్పే పంపాడు. ఆ సంగతి ఆ ఉదయం క్యారవాన్‌లో మేడమే నాతో అంది. తెలిసి కూడా కూతురి పక్కన నిలబడి తలాడించాను. నేను మామూలేనని చెప్పకపోయినా ఆవిడ ఫోన్ చేసేది కాదేమోనని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. అదీ నా బుకాయింపే. భయపడింది కాబట్టే నన్ను అడిగింది. అంత చులకనగా చూసే నన్ను, అప్పుడు మాత్రం నమ్మింది.

మొన్న చూడటానికి వెళ్ళాను. "మీరు పౌడర్ రాస్తే అమ్మకు ఇష్టం, రాయరూ?" అంది కూతురు. రాశాను. మేడం మెల్లగా చెయ్యెత్తి, మోచేయి నా వైపు తిప్పి, నా మొహంలోకి చూసింది. చేతి మీద ఒక్క మచ్చ కూడా లేదు.

మామూలు కాదు మేడం, నాకు అప్పుడే తెలుసు అనాలి. కూతురు వెనకే నిలబడి ఉంది. అనలేదు. ఆ చేతికి కూడా పౌడర్ రాసి వచ్చేశాను.

మీతో అన్నాను. గొంతు కాస్త తెరిపిన పడింది. అలా తెరిపిన పడే హక్కు నాకు లేదంటారా? లేదు.