దానియేలు మామయ్య తలుచుకునే తీరు

తడి సున్నం వాసన తగలగానే నాకు దానియేలు మామయ్య గొంతు వినిపిస్తుంది. నవంబరు మొదట్లో, సమాధుల పండుగ ముందర, తిరువూరు చివరనున్న మా సమాధుల తోట అంతా ఆ వాసనే. గడ్డి పీకి, రాళ్ళు కడిగి, బకెట్లలో సున్నం కలుపుకుని ఎవరి వాళ్ళకు వాళ్ళు వెల్ల వేసుకుంటారు. మాది చిన్న సంఘం. ఆదివారం ఎవరు రాలేదో చూడక్కర్లేదు, పాట అందుకోగానే ఏ గొంతు లేదో తెలిసిపోతుంది. ఈ ఏడాది ఆ పాటలో కొన్ని గొంతులు తగ్గాయి. వేసవిలో కరుణమ్మ గారు పోయారు. వానలు పడ్డాక దానియేలు మామయ్య పోయాడు. పండుగ నాడు వెళ్ళిపోయిన వాళ్ళను తలుచుకుంటూ నాలుగు మాటలు చెప్పమని పాస్టరు గారు నన్నడిగారు. సరేనన్నాను. భయం వేయలేదు. ఆ భయం నాలో ఎప్పుడో పోయింది, పోగొట్టింది ఆయనే.

మామయ్య అంటే అమ్మకు తోడబుట్టిన వాడు కాదు. మా పక్కింటాయన. అమ్మను అక్కా అనేవాడు కాబట్టి నాకు మామయ్య అయ్యాడు. తిరువూరు నుంచి గంపలగూడెం మీదుగా పల్లెలకు తిరిగే బస్సులో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. పత్తి మూటలతో ఎక్కేవాళ్ళనీ, కోళ్ళను సంచిలో దాచి ఎక్కేవాళ్ళనీ, పుట్టింటి నుంచి ఏడుస్తూ ఎక్కేవాళ్ళనీ చూసీ చూసీ, మనిషి కూర్చునే తీరును బట్టి ఆస్పత్రికి వెళ్తున్నారో, తగాదా పడి వస్తున్నారో చెప్పగలిగేవాడు. గొంతు పెద్దది. చెవిలో రహస్యం చెప్పినా వీధి చివరకు వినపడేది. మా సంఘంలో పెద్ద కూడా ఆయనే. ఎవరైనా పోతే, సమాధి తర్వాత జరిగే ఆదరణ కూడికలో ఆ మనిషి గురించి మాట్లాడే పని ఎవరూ అప్పగించకుండానే ఆయనకు వచ్చింది.

మామూలుగా అలాంటి చోట ఏం మాట్లాడతారో అందరికీ తెలుసు. పోయినవాళ్ళందరూ ప్రేమామయులు, ప్రార్థనాపరులు, ఎవరినీ పల్లెత్తు మాట అననివాళ్ళు. మామయ్య అలా మాట్లాడేవాడు కాదు. ముందుగా ఆ ఇంటికి వెళ్ళి, చాప మీద కూర్చుని, ఇచ్చిన టీ చల్లారేదాకా ఊరుకుని, మెల్లగా ఒక ప్రశ్న అడిగేవాడు: “కోపమొస్తే ఏం చేసేవాడమ్మా?” మొదట్లో వాళ్ళు తెల్లబోయేవాళ్ళు. తర్వాత ఒకరు నవ్వేవాళ్ళు. ఆ నవ్వు వెంటే ఏడుపు వచ్చేది. ఆ రెండూ అయ్యాక అసలు మనిషి గురించి చెప్పడం మొదలుపెట్టేవాళ్ళు.

ఆ ప్రశ్న మా ఇంట్లో కూడా అడిగాడు. అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను.

మా నాన్న ప్రకాశరావు బడిపంతులు. వినగడప వైపు ఒక ఊళ్ళో చాలాకాలం పనిచేశాడు. ఆయన దగ్గర చదువుకున్న వాళ్ళు ఇప్పటికీ నన్ను ఆపి “మాస్టారి అమ్మాయివా?” అని అడిగి, కళ్ళు చెమర్చుకుంటారు. ఆ మాస్టారు ఇంటికి వచ్చేవాడు కాదు. ఇంటికి వచ్చే మనిషి వేరు. వారాల తరబడి అమ్మతో మాట్లాడేవాడు కాదు. పప్పులో ఉప్పు తగ్గితే కంచం గోడకు తగిలేది. అమ్మ గోడ తుడిచి, మళ్ళీ వండేది. ఈ సంగతి బయట ఎవరికీ తెలియదనే మేము అనుకునేవాళ్ళం. గుండెపోటుతో ఆయన ఉన్నట్టుండి పోయినప్పుడు ఇంటి నిండా జనం. వచ్చిన ప్రతివారూ అమ్మ చేతులు పట్టుకుని “ఎంత అదృష్టవంతురాలివమ్మా, దేవుడి లాంటి మనిషి” అన్నారు. అమ్మ తల ఊపింది. ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు. అన్నం ముట్టలేదు. రాయిలా కూర్చున్న ఆమెను చూసి నాకు దిగులు పుట్టింది. నాన్న పోయినందుకు కన్నా, ఇక ఈ అబద్ధాన్ని జీవితాంతం మోయాలన్నందుకు.

మామయ్య వచ్చి చాప మీద కూర్చున్నాడు. టీ చల్లారింది.

“అక్కా, బావగారికి కోపమొస్తే ఏం చేసేవాడు?”

అమ్మ గోడ వైపు చూసింది. “నీకు తెలియదా తమ్ముడూ? పక్కిల్లేగా.”

“తెలుసు. కంచం చప్పుడు మా ఇంటికి వినపడేది. నువ్వు చెప్తే వినాలని అడిగాను.”

“చెప్పటానికేముంది? మంచోడని చెప్పు. అందరూ అదేగా చెప్తున్నారు.”

“అబద్ధం చెప్పలేను. నిన్ను నలుగురిలో నగుబాటు చెయ్యనూ లేను. నువ్వు వద్దంటే రేపు బైబిలు చదివి కూర్చుంటా.”

అమ్మ చల్లారిన టీ గ్లాసు పక్కకు జరిపింది. తర్వాత, ఎవరి గురించో చెబుతున్నట్టు, ఒక మాట చెప్పింది. పెళ్ళయిన కొత్తలో నాన్న అన్నం క్యారేజీ మరిచిపోతే బడికి తీసుకెళ్ళిందట. కిటికీ బయట నిలబడి ఆయన పాఠం చెప్పడం వింది. “ఎంత మెత్తగా చెప్తున్నాడో తమ్ముడూ. ఒక పిల్లాడికి రాకపోతే పక్కన కూర్చోబెట్టుకుని వీపు నిమురుతున్నాడు. ఆ గొంతు ఇంటికి ఎప్పుడు తెస్తాడా అని ఇన్నేళ్ళూ చూశాను.” అని మామయ్య వైపు తిరిగింది. “నువ్వు చెప్పు. నేను చెప్పలేను గానీ, నువ్వు చెప్పు.”

మర్నాడు కూడికకు బడి నుంచి పాత విద్యార్థులూ, తోటి ఉపాధ్యాయులూ వచ్చారు. నాన్న వైపు బంధువులు ముందు వరసలో కూర్చున్నారు. మామయ్య లేచి నిలబడ్డాడు. “ప్రకాశరావు మాస్టారు గొప్ప మాస్టారు. అది మీ అందరికీ తెలుసు. ఇంట్లో కష్టమైన మనిషి. అది మా అక్కకి తెలుసు” అన్నాడు. మా చర్చి గుడిలో అందరూ అమ్మ వైపు తిరిగారు. ఆయన తొందరపడలేదు. “ఆయన దగ్గరున్న మెత్తదనమంతా మీలాంటి పిల్లలకి పంచేసి, ఉత్త చేతుల్తో ఇంటికొచ్చేవాడు. ఆ ఉత్త చేతుల్ని భరించింది ఈవిడ. మీరు మాస్టారికి దణ్ణం పెట్టాలనుకుంటే అందులో సగం ఈవిడకి పెట్టండి. ఆయన్ని ప్రేమించినోళ్ళు ప్రేమించండి. ఆయన మీద కోపమున్నోళ్ళు కోపంగానే ఉండండి. ఆ రెండూ దేవుడికి తెలియనివి కావు.”

అమ్మ ఏడ్చింది. కొంగు నోట్లో కుక్కుకోకుండా, బయటికి, గట్టిగా ఏడ్చింది. మా మేనత్త ముందు వరసలోంచి లేచింది. ఇక గొడవే అనుకున్నాను. ఆమె నేరుగా అమ్మ దగ్గరకు వచ్చి పక్కన కూలబడి, “మా నాన్నా అంతేనమ్మా. కంచం విసిరేవాడు. మా అమ్మ గోడలు తుడిచేది” అంది. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు వదల్లేదు. ఆ రోజు ఇంటికొచ్చాక అమ్మ అన్నం తింది. మారు పెట్టించుకుంది. నాకు కూడా ఏదో బరువు దిగినట్టయింది. ఇక నాన్నను దేవుడని నమ్మినట్టు నటించక్కర్లేదు. ద్వేషించనూ అక్కర్లేదు. ఆయన వీపు నిమిరిన పిల్లాడు అబద్ధం కాదు, గోడ మీద పప్పు మరకా అబద్ధం కాదు. ఈ రెండింటితోనే ఆయన మా నాన్న.

తర్వాత నేను గంపలగూడెంలో టీచరు ఉద్యోగంలో చేరాను. మామయ్యకు మోకాళ్ళు పట్టేసినప్పటి నుంచి, చావు కబురు వస్తే నన్ను వెంటబెట్టుకుని వెళ్ళేవాడు. ఈ వేసవిలో కరుణమ్మ గారు పోయేసరికి ఆయన పూర్తిగా మంచానపడ్డాడు. “ఈసారి నువ్వే చెప్పాలి” అన్నాడు. నేను రాసుకుని వెళ్ళి ఆయనకు చదివి వినిపించాను. పేరుకు తగ్గ కరుణామూర్తి, శాంతస్వభావురాలు అంటూ సాగింది. కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నాడు.

“బాగుందమ్మా. ఇంతకీ ఎవరీవిడ?”

నేను నవ్వాపుకోలేకపోయాను. కరుణమ్మ గారు నోరు విప్పితే కుళాయి దగ్గర బిందెలు వదిలేసి పారిపోయేవాళ్ళు. ఎదురింటి సుబ్బాయమ్మ గారితో ఆమె తగాదా మా పెళ్ళిళ్ళకన్నా పాతది.

“సుబ్బాయమ్మని అడిగావా?” అన్నాడు మామయ్య. “మన సంఘం కాదని మానేశావా? ఆవిడకన్నా కరుణమ్మ ఎవరికి తెలుసు?”

వెళ్ళి అడిగాను. సుబ్బాయమ్మ గారు గడప మీద కూర్చుని ఉన్నారు. “ఏం చెప్పమంటావే? పొద్దున్నే ఆవిడ తిట్లు వినపడితే గానీ నాకు తెల్లారేది కాదు. ఇప్పుడు ఎండెక్కినా లేవబుద్ధి కావట్లా” అన్నారు. మళ్ళీ ఆవిడే, “మా ఆయన ఆస్పత్రిలో ఉన్నప్పుడు నా గేదెకి గడ్డేసింది ఎవరనుకున్నావ్? ఆవిడే. తిట్టుకుంటానే వేసింది. గేదెని కూడా తిట్టింది” అన్నారు. ఆ మాటే కూడికలో చెప్పాను. గుడి అంతా నవ్వింది. కరుణమ్మ గారి కొడుకు పడీపడీ నవ్వి, కళ్ళు తుడుచుకుని, “మా అమ్మ వచ్చి వెళ్ళినట్టుందక్కా” అన్నాడు. వెనక, తలుపు పక్కన, సుబ్బాయమ్మ గారు నిలబడి ఉన్నారు. ఆమె మా గుడిలోకి రావడం అదే మొదటిసారి.

మామయ్యకు ఆ సంగతి చెబితే సంతోషించాడు. కానీ కాసేపటికే ముఖం వాడిపోయింది. “నా గురించి చెప్పేటప్పుడు సుజాత సంగతి దాచొద్దు” అన్నాడు.

సుజాత వదిన ఆయన ఒక్కగానొక్క కూతురు. పెనుగొలనులో ఒక రైతు కుటుంబం అబ్బాయిని తను ఇష్టపడి చేసుకుంది. వాళ్ళు హిందువులు, వేరే కులం. మామయ్య ఆ పెళ్ళికి వెళ్ళలేదు. గడప తొక్కొద్దన్నాడు. ఊరందరి ఇళ్ళల్లో మనసులు కలిపిన మనిషి తన కూతురి ఊరి పేరు కూడా ఎత్తేవాడు కాదు. ఆ బస్సులో పనిచేసినన్నాళ్ళూ పెనుగొలను స్టాపు వస్తే మాత్రం అరవకుండా ఊరుకునేవాడని, డ్రైవరే కేకేసేవాడని తర్వాత మామయ్య భార్య, మా అత్తయ్య చెప్పింది.

మర్నాడే పెనుగొలనుకు షేరాటో ఎక్కాను. వదిన పెరట్లో మిరపకాయలు ఎండబోస్తోంది. నన్ను చూసి చేతులు దులుపుకుని, “పోయాడా?” అంది.

“లేదు వదినా. ఉన్నాడు. అందుకే వచ్చాను.”

“పిలవమన్నాడా?”

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేదు. “పిలవమనలేదు. ఆయన పోయాక నీ సంగతి దాచొద్దన్నాడు.”

వదిన మళ్ళీ వంగి మిరపకాయలు సర్దింది. “అయితే అప్పుడే వస్తాలే. చర్చిలో నువ్వు చక్కగా చెబుతావంటగా.”

“నీకు చెప్పాల్సిన మాట నలుగురికీ చెప్పి ఏం చేసుకోను? అదేదో ఆయన నోటితోనే విను. లేకపోతే నాలుగు తిట్టి రా. ఆయనకి కోపమంటే భయం లేదు.”

ఆమె ఇంకో గంప మిరపకాయలు గుమ్మరించింది. నేను తిరిగి వచ్చేశాను. పని చెడగొట్టానేమోనని దారంతా దిగులే. రెండు రోజులకు, మధ్యాహ్నం అన్నాల వేళ, మామయ్య ఇంటి ముందు ఆటో ఆగింది. వదినా, ఆమె భర్తా దిగారు. నేను గోడ ఇవతల నిలబడిపోయాను. మామయ్య వసారాలో మంచం మీద లేవబోయాడు, లేవలేకపోయాడు. ఆయన కూతుర్ని చూసి, అల్లుణ్ణి చూసి, ఎంతో కష్టం మీద ఒకే మాటన్నాడు.

“సీటు దొరికిందా అమ్మా?”

“నిలబడే వచ్చా నాన్నా, ఇన్నేళ్ళూ” అంది వదిన. అని, ఆ మంచం పట్టె మీద కూర్చుంది.

ఆ తర్వాత వాళ్ళు ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. ఆయన గొంతు అప్పటికే సన్నగిల్లింది, మొదటిసారిగా గోడ దాటి రాలేదు. వదిన ఆయన పోయేదాకా అక్కడే ఉంది. అల్లుడు వస్తూ పోతూ పాలు తెచ్చేవాడు. ఒక ఉదయం, వాన వెలిసిన కాసేపటికి, కూతురు జావ తాగిస్తుండగానే మామయ్య నిద్రలోకి జారినట్టు వెళ్ళిపోయాడు. అత్తయ్య ఏడుస్తూనే “ఎవరికీ బాకీ లేకుండా పోయాడు” అంది.

ఆదరణ కూడికలో నేను మాట్లాడాను. ఆయన కూతుర్ని గడప బయట ఉంచిన సంగతీ చెప్పాను, ఆమె వచ్చాక ఆయన మొహం ఎలా ఉందో అదీ చెప్పాను. ముందు వదినను అడిగే చెప్పాను. “మా నాన్న ఎవరి విషయంలోనూ పడని మొహమాటం ఆయన విషయంలో ఎందుకు? చెప్పెయ్” అంది. చెబుతున్నంతసేపూ ఆమె తల ఎత్తుకునే కూర్చుంది, పక్కన భర్తతో.

మొన్న రాత్రి అన్నం తింటుంటే అమ్మ అడిగింది: “నేను పోయాక నా గురించి ఏం చెప్తావే?”

మామూలుగా అయితే అవేం మాటలని కసిరేదాన్ని. కంచం పక్కన పెట్టి, “అప్పటిదాకా ఎందుకు? ఇప్పుడే చెప్తా విను” అన్నాను. ఆమె మొండితనం గురించి చెప్పాను. నా పెళ్ళిలో అలిగిన సంగతి చెప్పాను. నేను చదువు ఆపేస్తానన్న రోజు ఒక్క మాట కూడా అనకుండా నా పుస్తకాలకు అట్టలు వేస్తూ కూర్చున్న సంగతి చెప్పాను. అమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుని, కథ వింటున్నట్టు వింది.

“అలగలేదు, తలనొప్పొచ్చి పడుకున్నా” అంది మధ్యలో.

“అలిగావు.”

“సరే, అలిగాలే” అని నవ్వేసి, “ఊఁ, తర్వాత?” అంది.