అక్క పెట్టిన బొట్టు

ఈ దసరా నాడు మా ఇందిరాపురం అపార్ట్‌మెంట్ కింద, ఎదురింటి తెలుగువాళ్ళ అబ్బాయి కొత్తగా కొన్న కారుకు వాళ్ళమ్మ పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, నిమ్మకాయలు తొక్కించి ముచ్చటగా పూజ చేయించింది. తీరా కారును వెనక్కి తియ్యబోతే అది ఒకటే కూత. వెనకాల పిల్లి కూడా లేదు, అయినా ఏదో అడ్డం ఉందని మొత్తుకుంటూనే ఉంది. వెనక ఏముందో పసిగట్టే, బంపరు మీది గుండ్రటి సెన్సరు మీదే ఆవిడ భక్తిగా ఓ బొట్టు పెట్టేసిందని కాసేపటికి గానీ ఎవరికీ తట్టలేదు. అందరితో పాటు నేనూ నవ్వాననే అనుకున్నాను గానీ, మా ఆవిడ నా మొహం చూసి, ఇక ఇంట్లోకి పోదాం పదండి అంది. ఆమెకూ మా అక్కే గుర్తొచ్చి ఉంటుంది.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో నాకు నోయిడాలో, టీవీలకు సర్క్యూట్ బోర్డులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఉద్యోగం. మెట్రో ఇంకా అటువైపు రాలేదు, వేసవిలో ఫ్యాక్టరీ బస్సు దిగేసరికి కనురెప్పల మీద కూడా దుమ్ము పేరుకుపోయేది. ఢిల్లీ జనక్‌పురిలో కాపురముంటున్న మా అక్క ఆ రోజుల్లోనే మా ఇంటికి వచ్చేసింది. బావ ఏ జబ్బూ లేకుండానే ఒక ఉదయం గుండె ఆగి పోయాడు, పిల్లలు లేరు, అక్కకు అప్పటికి నలభై నిండలేదు. బొట్టు తీసెయ్యమని ఢిల్లీలో ఆమెకు చెప్పినవాళ్ళు లేరు, అలాంటివి చెప్పే పెద్దలంతా ఊళ్ళోనే ఉండిపోయారు. అయినా తనంతట తనే తీసేసింది. ఇంటికి ఎవరైనా పేరంటం పిలవడానికి వస్తే, ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వంటింట్లోకి తప్పుకునేది.

ఇలా ఇంట్లో కూర్చోబెడితే మనిషి మిగలదని నేనూ మా ఆవిడా అనుకుని, ఆమెను మా ఫ్యాక్టరీలోనే తనిఖీ సీట్లో చేర్పించాం. ఆ సీటు సంగతి కొంచెం చెప్పాలి. బోర్డుల మీద విడిభాగాలను అతికించిన టంకాలను రంగురంగుల లైట్లు వేసి కెమెరాతో ఫొటో తీసి, బాగున్నాయో లేదో తేల్చే యంత్రాలు అప్పుడే కొత్తగా వచ్చాయి. తేల్చడమంటే మాటే గానీ, అవి వట్టి అనుమానప్పక్షులు. టంకం కాస్త ఎక్కువ మెరిసినా, విడిభాగం రంగు కాస్త మారినా, తెర మీద ఎర్ర గడి గీసి పీప్‌మని అరిచేవి. పక్కన కూర్చున్న ఆడవాళ్ళు బోర్డును భూతద్దం కింద చూసి, బాగానే ఉందని ఆకుపచ్చ బొత్తం నొక్కితే గానీ అది ముందుకు కదిలేది కాదు. ఈ ఉత్తుత్తి అరుపుల్ని తగ్గించడమే నా ఉద్యోగం. తగ్గించమన్నారు కదా అని మరీ వదులు చేస్తే నిజంగా చెడ్డ టంకం కూడా దొర్లిపోతుంది, అందుకని అది కత్తి మీద సామే.

ఆ సీట్లో కూర్చున్నాక అక్క మళ్ళీ మనిషైంది. లైన్లో ఉన్న ఆడపిల్లలందరికీ తను దీదీ అయింది, వాళ్ళ రాజ్మా తను తిని, తన గోంగూర పచ్చడి వాళ్ళ కళ్ళమ్మట నీళ్ళు కారేదాకా తినిపించి, వచ్చీరాని హిందీలో వాళ్ళను ఆట పట్టించేది. ఆమె నవ్వు యంత్రాల హోరులోంచి కూడా నాకు వినపడుతుండేది.

అలా ఉండగా విశ్వకర్మ పూజ వచ్చింది. ఏ యంత్రం దగ్గర పనిచేసేవాళ్ళు ఆ యంత్రానికి బొట్టు పెట్టడం అక్కడి ఆనవాయితీ. అక్క వెనక్కి వెనక్కి జరుగుతుంటే ఆ పిల్లలు, "దీదీ, ఆప్ హీ లగావో!" అని, తనే బొట్టు పెట్టాలంటూ కుంకుమ పళ్ళెం ఆమె చేతిలో పెట్టారు. వాళ్ళకు మన పట్టింపులేం తెలుసు? అక్క దూరంనుంచి నా వైపు చూసింది, పెట్టమని తల ఊపాను. బావ పోయాక ఆమె వేళ్ళు కుంకుమను తాకడం అదే మొదలు. అక్కడివాళ్ళు కుంకుమను నీళ్ళతో తడిపి వేలితో ఒక్క గీత గీస్తారు. అక్క మన పద్ధతిలో, యంత్రం పైకప్పు మీద పసుపు అద్ది, దాని మీద పొడి కుంకుమ చిటికెలు చిటికెలుగా వేసి, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంది.

ఆ మర్నాటినుంచి ఆ ఒక్క యంత్రమే పూనకం వచ్చినట్టు అరవడం మొదలుపెట్టింది. టంకం పేస్టు మార్చాను, లైట్లు సరిచూశాను, వానాకాలపు తేమను తిట్టుకున్నాను, ఏం చేసినా అది ఊరుకోలేదు. అక్క అన్నం సరిగ్గా తినడం మానేసింది. ఒక సాయంత్రం బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే, "ఒరే, నేను బొట్టెట్టిన కాణ్ణించే కదరా అదలా అరుస్తోంది?" అని అడిగింది. నేను పెద్దగా నవ్వి, నీ చేతికీ దానికీ ఏ సంబంధమూ లేదని బావ మీద ఒట్టేసి చెప్పాను.

మర్నాడు యంత్రం పైభాగం విప్పించాను. పైకప్పులో ఫ్యాను గాలి పీల్చే సన్నటి సందులున్నాయి. వాటిలోంచి పొడి కుంకుమ లోపలికి పోయి, కెమెరా చుట్టూ ఉన్న తెల్లటి లైటు గొడుగుకు అంటుకుంది. ఆ ఎరుపు వెలుగులో మంచి టంకాలన్నీ యంత్రానికి చెడ్డవిగా కనిపిస్తున్నాయి. తుడిచిన తెల్లబట్ట ఎర్రబడింది. తలెత్తి చూస్తే అక్క అక్కడే నిలబడి ఆ బట్టనే చూస్తోంది.

ఎవరు వేసినా ఇంతే జరిగేదని ఆమెకు నచ్చజెప్పాను. "మరి మిగతావాటికీ పెట్టారు కదరా, వాటికేం కాలేదేం?" అంది. వాళ్ళది తడిబొట్టు, నీది పొడిబొట్టు, తేడా అంతే అని బొమ్మ గీసి మరీ చూపించాను. అంతా విని, "అచ్ఛా, ఠీక్ హై" అంది, నా దగ్గర తనెప్పుడూ మాట్లాడని హిందీలో. చలికాలం రాకుండానే మోకాళ్ళ నొప్పులని చెప్పి ఉద్యోగం మానేసింది.

ఏళ్ళు గడిచాక మా అమ్మాయి నిశ్చితార్థం నాడు, ఢిల్లీలోనే పెరిగిన ఆ పిల్ల కుంకుమ భరిణె పట్టుకుని వంటింట్లోకే వెళ్ళి, "అత్తా, ఆప్ లగావో నా, ప్లీజ్" అని నుదురు ముందుకు పెట్టింది. అక్క రెండు చేతులూ కొంగులో చుట్టేసుకుని, చేతులు తడిగా ఉన్నాయమ్మా, అమ్మ చేత పెట్టించుకో అంది. పొడిగానే ఉన్నాయని గుమ్మంలోంచి చూస్తున్న నాకు తెలుసు.

ఇప్పటి యంత్రాలు తెలివి మీరాయట, ఏది మచ్చో ఏది మెరుపో వాటంతట అవే నేర్చుకుంటున్నాయట. కాలం కూడా మారింది. మొన్న శ్రావణమాసంలో మా అపార్ట్‌మెంట్ పేరంటంలో, భర్త పోయిన ఒక పెద్దావిడ గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్ళందరికీ బొట్టు పెట్టిందట, అందరూ ఆవిడ కాళ్ళకు దణ్ణం పెట్టారట. మా ఆవిడ ఇంటికొచ్చి నుదుటి మీద ఆ బొట్టుతోనే కూర్చుని, మీ అక్క ఇంకొక్క ఏడాది బతికున్నా బాగుండేదండీ అని ఏడ్చింది.