పిల్ల బతుకమ్మ

భార్య పోయినప్పటి నుంచి సద్దుల నాడు బతుకమ్మ పేర్చేది రిటైరైన బొగ్గుబాయి కార్మికుడు అంకయ్యే. తంగేడు, గునుగు వరసలుగా పెట్టి, బొటనవేలితో అదిమి, మెడ వంచి చూసుకుంటాడు. తల్లి బతుకమ్మ పక్కన పిల్ల బతుకమ్మ ఉండాలి. ఈసారి పెద్దది పూర్తయినా, గుమ్మడాకు పరిచిన చిన్న తాంబాళం ఖాళీగానే ఉంది. బిడ్డ వనితను పొద్దున కాన్పుకు కరీంనగర్ తీసుకుపోయారు.

ఫోన్ మోగింది. చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. భార్య లేదన్న కబురూ ఆ ఫోన్‌లోనే వచ్చింది.

"జర నువ్వే ఎత్తు రాజక్కా, నాతోని గాదు," అన్నాడు పూలు అందిస్తున్న పక్కింటామెతో.

రాజక్క విని ఫోన్ దించింది. "ఫికర్ చెయ్యకు అన్నా. తల్లీపిల్ల మంచిగున్నరు. ఆడపిల్ల."

అంకయ్య చిన్న తాంబాళం దగ్గరికి జరుపుకుని గునుగు పువ్వు అందుకున్నాడు. గుమ్మడాకు మీద పెట్టి, బొటనవేలితో అదిమి, మెడ వంచి చూసుకున్నాడు.