శ్వాస లెక్కపెట్టే నిమిషం

పదవీ విరమణకు ముందు నేను సూర్యాపేటలోని ఒక నర్సింగ్ కళాశాలలో క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్‌ని. తరగతిలో చెప్పిన పాఠాన్ని రోగి మంచం దగ్గర చేయించే ఉద్యోగం అది. ఆఖరి ఏడాది వానాకాలంలో మూడో సంవత్సరం అమ్మాయిలను మిర్యాలగూడలో ఒక ఆసుపత్రి స్త్రీల వార్డుకు తీసుకెళ్లే పని నాకు అప్పగించారు.

శ్వాస లెక్కించడం మా వృత్తిలో చాలా చిన్న పని, చాలామంది ఎగ్గొట్టే పని కూడా. లెక్కపెడుతున్నారని తెలిస్తే మనిషి ఊపిరి తీరే మారిపోతుంది. అందుకని నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని, కళ్లు మాత్రం ఛాతీ మీద ఉంచి, నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. ఈ కాలం పిల్లలకు ఆ నిమిషమే గండం. సగంలోనే చెయ్యి జేబులోని ఫోన్ మీదికి పోతుంది. తిట్టీ తిట్టీ నా నోరే నొప్పి పుట్టింది.

సంధ్య అలా కాదనుకున్నాను. చిలుకూరు దగ్గర గొర్లు పెంచుకునే ఇంటి పిల్ల, పనిలో అందరికన్నా ముందు. తన బలహీనత తనకు తెలుసు. మొదటి రోజే వచ్చి, “మేడం, ఇది మీ దగ్గర పెట్టుకోండి. నా దగ్గరుంటే సూడకుండ ఉండలేను,” అని ఫోన్ నా సంచిలో వేసింది. హుజూర్‌నగర్‌లో సెకన్ల ముల్లున్న చేతిగడియారం కొనుక్కుంది. నాకు ముచ్చటేసింది.

ఒక రోజు నేను పరీక్షల పని మీద సూర్యాపేటలో ఆగిపోయాను. ఆ రోజు ఫోన్ సంధ్య జేబులోనే ఉంది. తుంగతుర్తి నుంచి ఆయాసంతో వచ్చి చేరిన ముసలామె చెయ్యి పట్టుకుని లెక్క మొదలుపెట్టింది. ఫోన్ అదిరింది. తీసి, అందులో మునిగిపోయింది. తర్వాత పొద్దుటి అంకెనే చార్టులో రాసి పక్క మంచానికి వెళ్లింది. సాయంత్రానికి ముసలామెను ఐసీయూకు మార్చారు, తెల్లారేసరికి పోయింది. ముందే గమనిస్తే బతికేదా అని అడిగితే, డాక్టరు అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

విచారణలో ముసలామె కూతురు చెప్పిన మాట ఇది.

“అమ్మకు దమ్ము ఆడ్తలేదని సిస్టరమ్మకు చెప్పబోయిన. అమ్మే నన్ను ఆగమని సైగ చేసింది, పిల్లకు లెక్క తప్పుతదని. ఫోన్ల టైము సూస్తుందనుకున్నం.”

అంత ముఖ్యమైనది ఫోన్‌లో ఏముందని సంధ్యను అడిగాను. “ఏం లేదు మేడం. ఎవరిదో ఫొటో,” అంది. నాకు ఒళ్లు మండింది. ఆ పిల్ల మాత్రం రోజుల తరబడి అన్నం ముట్టలేదు. కొన్నాళ్లు సస్పెండ్ చేశారు, ఆలస్యంగా చదువు పూర్తి చేసింది.

ఈమధ్య షుగర్ పరీక్షకు కోదాడలో ఒక ల్యాబుకు వెళితే కౌంటర్‌లో తనే కూర్చుని ఉంది. వార్డు ఉద్యోగం జోలికే పోలేదట. నన్ను చూసి లేచి నిలబడి ఫోన్ బల్ల మీద బోర్లించింది. ఆ ముసలామె ఇప్పటికీ యాదికొస్తదని తనే చెప్పి కళ్లు తుడుచుకుంది. నేను రసీదు మడిచి సంచిలో పెట్టుకునే లోపే ఫోన్ మళ్లీ ఆమె చేతిలో ఉంది. ఎప్పుడు తీసుకుందో ఆమెకే తెలియదు.

ఆ పిల్ల బాధ నిజమైనదే, అయినా అది చేతిని ఆపలేదు. అందుకే కొత్త ఇన్‌స్ట్రక్టర్లు ఎవరైనా సలహా అడిగితే ఒక్కటే చెబుతాను. పిల్ల ఎంత మంచిదైనా సరే, ఫోన్ వార్డు గుమ్మం బయటే ఆగాలి.