ఎడమ చెవి పలకని రోజులు

ఆ రూటు బస్సులో కండక్టరుగా ఆవిడది పద్దెనిమిదేళ్ల అనుభవం. నిండు బస్సులో కూడా కడ్డీ పట్టుకోకుండా, రెండు చేతులతో టికెట్లు కొడుతూ వెనకనుంచి ముందుకు నడిచేది. గట్టిగా బ్రేకు పడితే జనం ఒకరి మీద ఒకరు తూలేవాళ్లు. ఆవిడ కాలు మాత్రం కదిలేది కాదు.

జలుబు తగ్గిన వారానికి, ఒక పొద్దున మంచం దిగబోతుంటే గది గిర్రున తిరిగింది. పట్టుకుందామంటే గోడ కూడా ఆగలేదు. కిందపడి, పేగులు నోట్లోకి వచ్చేలా వాంతులు చేసుకుంది. భర్త ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

చెవి డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. ఒక్కో చెవి లోపల ఉంగరాల్లాంటి సన్నటి గొట్టాలు మూడు ఉంటాయట. తల తిప్పితే వాటిలోని ద్రవం కదులుతుంది, ఎటు తిరిగామో మెదడుకు కబురు వెళుతుంది. ఆవిడకు ఎడమవైపు నరం వాచి ఆ కబురు ఆగిపోయింది. కుడి చెవి ఒక్కటే పలుకుతుంటే, ఒళ్లు తిరుగుతోందని మెదడు పొరబడుతోంది. వినికిడికి మాత్రం ఢోకా లేదు.

"నరం పూర్తిగా కోలుకోకపోవచ్చు. ఒక్క చెవితో నెట్టుకురావడం మెదడే నేర్చుకుంటుంది. మంచం పట్టి ఉంటే మాత్రం నేర్చుకోదమ్మా" అన్నాడు.

ఇంట్లో ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. సాయానికి వచ్చిన ఆడపడుచు ఆవిణ్ణి కాలు కింద పెట్టనివ్వలేదు. డిపో మేనేజరు ఇక బస్సు మానేసి పాస్‌ల కౌంటర్లో కూర్చోమని కబురు పెట్టాడు. కూర్చోబెడితే కూర్చుండిపోతానని ఆవిడ జవాబు పంపింది.

డాక్టరు నేర్పినట్టే గోడకు పెద్ద అక్షరం అతికించి, చూపు దాని మీదే ఉంచి తల అటూ ఇటూ తిప్పేది. అక్షరం ఎగిరేది, కడుపులో తిప్పేది. పక్కన బకెట్టు పెట్టుకుని మళ్లీ మొదలుపెట్టేది. కూతురు వెనక కాపలా ఉంటే, దిండు మీద నిలబడి కళ్లు మూసుకునేది. ఆడపడుచు దిండ్లు దాచేస్తే పరుపు మడిచి దానిమీదే నిలబడింది.

"నువ్వు పడితే అన్నయ్యకు ఏం చెప్పను వదినా?"

"పడిందని చెప్పు. మళ్లీ లేచిందని కూడా చెప్పు."

నాలుగో నెలలో డ్యూటీ అడగడానికి వెళ్లింది. మేనేజరు నమ్మలేదు. ఒక ట్రిప్పు తనే వెంట వచ్చి చూస్తానన్నాడు. ఆవిడ సరేనంది.

ఆరోజు బస్సు కిక్కిరిసి ఉంది. ఆవిడ నెమ్మదిగా, పాదాలు ఎడంగా వేస్తూ టికెట్లు కొట్టింది. వంతెన దగ్గరి మలుపులో చటుక్కున కడ్డీ అందుకుంది.

"చూశావా, పట్టుకున్నావు" అన్నాడు మేనేజరు.

"పట్టుకున్నాను సార్. మీ చెవులు రెండూ బాగానే ఉన్నాయి, మీరూ పట్టుకున్నారుగా."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన తన చేతివైపు చూసుకుని, డిపోకు రాగానే కాగితం మీద సంతకం పెట్టాడు.

చీకట్లో ఆవిడ ఇప్పటికీ తడబడుతుంది. అందుకే పొద్దుగూకాక వెళ్లే ఆఖరి ట్రిప్పు తనకు వద్దని తనే రాసిచ్చింది. మిగతా ఐదు ట్రిప్పుల్లో ఒక్కటి కూడా ఎవరికీ వదల్లేదు.